మొదటి గడి

నేను కాటాలు బాగుచేస్తాను. కూరగాయల దుకాణంలో మోటు కాటా నుంచి, నగల దుకాణంలో ఊపిరి తగిలినా వణికే కాటా దాకా, తేడా వస్తే నా బల్ల మీదికి రావాల్సిందే. ఇరవై ఆరేళ్ళుగా ఇదే పని. ఈ పనిలో నాకు ఒకే ఒక్క పట్టింపు ఉంది. అది మా వీధిలో అందరికీ తెలుసు. నా వెనక నవ్వుకుంటారని నాకూ తెలుసు.

కాటా రాగానే మర తిప్పకూడదు. దుమ్ము కూడా తుడవకూడదు. ముందు దాని మీద గుండు పెట్టి, అది ఎంత చూపిస్తే అంత రాసుకోవాలి. కిలో గుండుకి తొమ్మిది వందల ఎనభై చూపించిందా, తొమ్మిది వందల ఎనభై అనే రాయాలి. నా చిట్టాలో ప్రతి కాటాకీ రెండు గడులుంటాయి. మొదటిది 'వచ్చినప్పుడు', రెండోది 'వెళ్ళేటప్పుడు'. మొదటి గడి నింపకుండా స్క్రూడ్రైవర్ పట్టుకున్నవాడు నా దగ్గర పనికిరాడు. ఒకసారి ఒక పనివాడు, చూడ్డానికి బాగుంటుందని మొదటి గడిలో కూడా అన్నీ సరైన అంకెలే రాశాడు. ఆ సాయంత్రమే ఇంటికి పంపేశాను. ఎంత తప్పు చూపిస్తోందో తెలియకుండా ఎటు తిప్పుతావురా అని అరగంట ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఆ ఉపన్యాసం తర్వాత నాకే అక్కరకొచ్చింది.

మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు. ఇంట్లో పిడుగు అంటాం, పుట్టగానే వేసిన కేక అలాంటిది మరి. పదకొండో ఏట దానికి షుగర్ వచ్చింది. పెద్దవాళ్ళకు సాధారణంగా వచ్చేలాంటిది కాదు, ఒంట్లో ఇన్సులిన్ తయారవడమే ఆగిపోయే రకం. తీపి తిన్నందుకు రాదు, ఎవరి తప్పువల్లా రాదు. తెలిసినవాళ్ళు జాలి మొహం పెట్టి, చిన్నప్పుడు మిఠాయిలు ఎక్కువ పెట్టారేమో అన్నప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. రోజుకు నాలుగు ఇన్సులిన్ సూదులు, ఐదుసార్లు వేలు పొడుచుకుని మీటరులో చూసుకోవడం. మా ఆవిడ బడి యూనిఫారాలు కుడుతుంది. మిగిలిన గుడ్డతో మీటరుకీ సూదులకీ అరలున్న సంచి ఒకటి కుట్టింది. నేను పుస్తకం గీశాను.

గీతలు గీయడంలో నాకు కొంచెం గీర ఉంది. తేదీ, వేళ, అంకె. మంచి అంకె వస్తే పక్కన బంగారు రంగు నక్షత్రం అంటించేవాణ్ణి. ఎక్కువ వస్తే కింద ఎర్ర సిరా గీత. పిల్లను ఒక్కనాడూ తిట్టలేదు, ఎవరి మీద ఒట్టు పెట్టమన్నా పెడతాను. "ఊఁ" అనేవాణ్ణి, అంతే. ముక్కుతో, కాస్త పొడుగ్గా. 'ఊఁ' కూడా ఒక తిట్టేనని నాకెవరూ చెప్పలేదు.

పోయిన చలికాలం నుంచి పుస్తకం నిండా నక్షత్రాలే. నూట పద్దెనిమిది, నూట పాతిక, నూట పది. కాటా తెచ్చిన ప్రతివాడికీ మా పిల్ల క్రమశిక్షణ గురించి చెప్పి విసిగించేవాణ్ణి. కొందరు కాటా తీసుకోవడానికి వాళ్ళ తమ్ముళ్ళను పంపడం మొదలుపెట్టారు.

ఈ ఏడాది బడివాళ్ళు పిడుగు తరగతి పిల్లల్ని మూడు రోజులు కొండల్లో నడకకు తీసుకెళ్తామన్నారు. పగలంతా నడక, గుడారాల్లో పడక. పిడుగు తన పేరు అందరికంటే ముందు ఇచ్చింది. కొత్త బూట్లు కొనిపించుకుని, కరవకుండా ఉండాలని వాటితోనే వంటింట్లోకీ వరండాలోకీ తిరగడం మొదలుపెట్టింది. అది దేన్నైనా అంతగా కోరుకోవడం జబ్బు వచ్చాక నేను చూడలేదు. అయితే షుగర్ క్లినిక్ వాళ్ళు సంతకం పెట్టిన కాగితం తెస్తేనే తీసుకెళ్తామని బడివాళ్ళు ముందే చెప్పారు.

నాకేం దిగులు లేదు. నక్షత్రాల పుస్తకం చంకలో పెట్టుకుని దర్జాగా వెళ్ళాను.

క్లినిక్‌లో పిల్లల్ని చూసుకునేది ఒక సిస్టర్. చుట్టాలకంటే ఎక్కువగా మేం చూసే మనిషి ఆమె. ఆమె గదిలో మూల ఒక బరువు కాటా ఉంది. అది మూడు వందల గ్రాములు ఎక్కువ చూపిస్తుందని మూడేళ్ళుగా చెబుతున్నాను, ఆమె మూడేళ్ళుగా నవ్వుతోంది. ఆ రోజు ఆమె నవ్వలేదు. మూడు నెలల్లో ఒంట్లో షుగర్ సగటున ఎంత ఉందో చెప్పే రక్తపరీక్ష కాగితం ఒక పక్క, మా పుస్తకం ఒక పక్క పెట్టుకుని కూర్చుంది. పుస్తకం ప్రకారం సగటు నూట ఇరవై దగ్గర ఉండాలి. కాగితం ప్రకారం రెండు వందల యాభై దాటింది.

సంతకం పెట్టలేదు. నడకకు ఇంకా ఐదు వారాలుంది కదా, నాలుగో వారంలో రండి, అప్పుడు చూద్దాం అంది. పిడుగుతో మాత్రం నెమ్మదిగా ఒక మాట చెప్పింది. కొండ మీద షుగర్ పడిపోయినా, పెరిగిపోయినా పక్కనున్నవాళ్ళకి చూస్తే తెలియదు. నీ అంకె నీకు తెలియకపోతే ఇంకెవరికీ తెలియదు. పిడుగు తలెత్తలేదు. కొత్త బూట్ల లేసులే చూస్తూ కూర్చుంది.

నేను ఊరుకుంటానా. ల్యాబులో మిషను సరిచూసి ఎన్నాళ్ళయిందని నిలదీశాను. పోయిన వారమే అంది సిస్టర్. అయితే మా మీటరే తప్పన్నాను. ఆమె పిడుగు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, "అయితే మీటరునే సరిచూడండి. మీ పనే కదా" అంది.

ఇంట్లో పాత మీటరు ఒకటి ఉంటే పిల్లకు అది ఇచ్చి, ఈ మీటరు దుకాణానికి పట్టుకుపోయాను. ఇంకో తండ్రి అయితే పిల్లను అడిగేవాడు. నేను కాటాలవాణ్ణి, నాకు ముందు అనుమానం యంత్రం మీదే. మీటరును సరిచూసుకోవడానికి చిన్న సీసాలో ఒక ద్రవం అమ్ముతారు. ఎంత చూపించాలో దాని మీదే ఉంటుంది. పదిసార్లు వేశాను, పదిసార్లూ సరిగ్గానే చూపించింది. నమ్మబుద్ధి కాలేదు. ద్రవం వేరు, నెత్తురు వేరు అనుకుని నా వేలు పొడుచుకున్నాను. ఆ తర్వాత ఇంకో వేలు. మధ్యాహ్నానికి ఐదు వేళ్ళు అయిపోయాయి. సరిగ్గా పిడుగు ఒక్క రోజు లెక్క. ఆ వేళ్ళతో స్క్రూడ్రైవర్ పట్టుకుంటే చురుక్కుమంది. మూడేళ్ళలో ఒక్కసారి కూడా ఆ సూది నేను పొడుచుకుని చూడలేదని అప్పుడు గుర్తొచ్చి సిగ్గేసింది.

మీటరు నిక్షేపంలా ఉంది. చివరగా పక్కనున్న బొత్తాం నొక్కాను. చూసిన అంకెలన్నీ తేదీలతో సహా అందులో దాచి ఉంటాయి. పుస్తకంలో రోజుకు ఐదు అంకెలున్నాయి. మీటరులో కొన్ని రోజులకు ఒకటి, కొన్ని రోజులకు అసలు లేదు. ఉన్నవి కూడా రెండు వందల ఎనభై, మూడు వందల పది. అదే రోజు పుస్తకంలో నూట ఇరవై రెండు, పక్కన నా నక్షత్రం.

తల కొట్టేసినట్టయింది. పుస్తకం మళ్ళీ తెరిచి ఈసారి తండ్రిలా కాకుండా కాటాలవాడిలా చూశాను. వారం అంకెలన్నీ ఒకే కలంతో, ఒకే వాలులో, ఒక్కసారే కూర్చుని రాసినవి. ఎక్కడా కొట్టివేత లేదు, మరక లేదు. నిజంగా చూసి రాసే అంకెలు ఇంత బుద్ధిగా ఒక వరసలో కూర్చోవు. నా పనివాడైతే నిమిషంలో పట్టుకునేవాణ్ణి. వెనక్కి తిప్పుకుంటూ పోతే ఈ బుద్ధిమంతపు అంకెలు ఎక్కడ మొదలయ్యాయో దొరికింది. అంతకు ముందు రోజు మూడు వందల పన్నెండు. దాని కింద నా ఎర్ర గీత, ఒకటి కాదు, రెండు.

గీత సంగతి అప్పుడు నా బుర్రకెక్కలేదు. కోపమే ఎక్కింది. పట్టపగలు దుకాణం మూసి ఇంటికి నడిచాను. దారంతా ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాను.

పిడుగు మెట్ల మీద కూర్చుని బూట్లకు లేసులు ఎక్కిస్తోంది. లోపల మా ఆవిడ కుట్టు మిషను నడుస్తోంది. పుస్తకం చూపించి ఇది చూసి రాశావా అని అడిగాను. బొంకలేదు. లేదంది. మరి ఇన్సులిన్ సంగతేమిటంటే, అంచనాగా వేసుకుంటున్నానంది. మిషను చప్పుడు ఆగిపోయింది.

"నా దుకాణంలో ఇలా రాసినవాణ్ణి ఏం చేశానో తెలుసా?" అన్నాను.

"పంపేశావు. పదిసార్లు చెప్పావు." లేసు ముడి వేసి తలెత్తింది. "నీ దుకాణంలో కాటా తొమ్మిది వందల ఎనభై చూపిస్తే, 'ఊఁ' అంటావా నాన్నా?"

ఆ 'ఊఁ' అచ్చం నాదే. ముక్కుతో, కాస్త పొడుగ్గా.

"కాటానెందుకంటాను?"

"ఎర్ర గీత గీస్తావా?"

నేను పుస్తకం మూసేశాను.

"సూది అంటే నాకు నొప్పి లేదు, అలవాటైపోయింది. చూసుకున్నాక నీ మొహం చూడాలి కదా, అదే నావల్ల కాలేదు. మంచి అంకె రాస్తే ఆ రోజంతా నువ్వు బాగుంటావు. రాయడానికి చూసుకోవక్కర్లేదు కదా, అందుకని చూసుకోవడం మానేశాను." గొంతు తగ్గించి అంది, "ఇంటికి రాగానే 'ఎంత' అంటావు. మూడేళ్ళయింది నువ్వు 'ఎలా ఉన్నావు' అని."

మెట్టు మీద దాని పక్కన కూలబడ్డాను. సిద్ధం చేసుకున్న ఉపన్యాసమంతా వచ్చిన దారినే పోయింది. మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి, కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. "ఇప్పుడు తిడితే మీ కూతురు తప్పు రాయడం మానదు. ఇంకా అందంగా రాస్తుంది."

నా తప్పేనని పిల్లతో అన్నాను. ఆ మాట అనడానికి నాకు చాలాసేపు పట్టింది, దాన్ని దాచుకోను. పొడుచుకున్న ఐదు వేళ్ళూ చూపించాను. అది ఒక్కొక్కటీ పట్టుకుని చూసి, వేలి మధ్యలో పొడుచుకున్నావేం, పక్కన పొడుచుకుంటే నొప్పి తక్కువ, ఇంత కూడా తెలియదా అని నన్నే కసిరింది.

మర్నాడు దుకాణం నుంచి కొత్త చిట్టా ఒకటి తెచ్చి దాని ముందు పెట్టాను. మొదటి గడి 'వచ్చినప్పుడు' అలాగే ఉంచింది. రెండో గడి పేరు కొట్టేసి 'నేను చేసింది' అని రాసుకుంది. షరతులు కూడా అదే పెట్టింది. నక్షత్రాలు ఉండవు. ఎర్ర సిరా కలం దుకాణానికి పోతుంది. పుస్తకం తను ఇస్తేనే నేను చూడాలి. మొదటి గడి గురించి నేను నోరెత్తకూడదు. 'ఎంత' అనే మాట ఇంట్లో నిషేధం. నేను సంతకం పెట్టాను. నాకూ ఒక షరతు ఉందన్నాను. మరీ ఎక్కువొచ్చినా, మరీ తక్కువొచ్చినా వాళ్ళమ్మకో నాకో వెంటనే చెప్పాలి. కాసేపు బేరమాడి ఒప్పుకుంది. ఆ సాయంత్రమే మా ఆవిడ సిస్టర్‌కి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆమెకేం ఆశ్చర్యం లేదట. ఏ అంకెకి ఏం చెయ్యాలో పిల్లతో మళ్ళీ మొదటి నుంచి మాట్లాడింది.

మొదటి వారం నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. సాయంత్రం ఇంటికి రాగానే అలవాటుగా ఆ మాట నాలుక చివరికి వచ్చేది. మింగేవాణ్ణి. గుమ్మంలో నిలబడి నోరు తెరిచి మూస్తున్నానని, నీళ్ళలోంచి తీసిన చేపలా ఉన్నానని మా ఆవిడ కడుపుబ్బ నవ్వేది. ఏం అడగాలో తెలియక ఒక రోజు బూట్లు కరుస్తున్నాయా అని అడిగాను. ఎడమ మడమ దగ్గర కరుస్తోందని మొదలుపెట్టి పిడుగు అరగంట మాట్లాడింది. తన గుడారంలో ఎవరెవరు పడుకుంటారు, ఎవరు గురక పెడతారు, వంటలో ఎవరి వంతు ఎప్పుడు. ఇన్ని సంగతులు మా ఇంట్లోనే ఉండి నాకు తెలియకుండా ఎక్కడున్నాయో.

అది పుస్తకం ఇచ్చినప్పుడు చూసేవాణ్ణి. రెండు వందల తొంభై, రెండు వందల అరవై. చేతులు వెనక్కి కట్టుకుని ఊరుకునేవాణ్ణి. అయితే రెండో గడి పిడుగు రాతతో నిండుతోంది. 'డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం ఇన్సులిన్ సరిచేశాను. నీళ్ళు తాగాను. రెండు గంటలకు మళ్ళీ చూశాను.' రెండో వారం చివర పుస్తకం నా ముందు పడేసి, వేలితో చూపిస్తూ చెప్పింది. పొద్దున బడికి పరుగెత్తే రోజుల్లో తినేశాక ఇన్సులిన్ వేసుకుంటోంది, ఆ రోజుల్లోనే మధ్యాహ్నం ఎక్కువొస్తోంది. తినడానికి ముందు వేసుకున్న రోజుల్లో రావడం లేదు. ఆటల పీరియడ్ ఉన్న రోజు సాయంత్రం పడిపోతోంది. ఇదంతా ఎవరూ చెప్పలేదు, మొదటి గడి చూసి తనే కనిపెట్టింది. నేను లోపలికెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చాను.

ఒక పొద్దున యాభై ఎనిమిది వచ్చింది. అది చాలా తక్కువ. చేతులు వణుకుతుంటే పిడుగు పళ్ళరసం తాగి, కుర్చీలో కూర్చుని, పావుగంటకు మళ్ళీ చూసుకుంది. తొంభై నాలుగు. రాసుకుంది. టిఫిన్ తిని, సంచి భుజాన వేసుకుని బడికెళ్ళింది. ఆ పావుగంట దానికంటే నాకే ఎక్కువ పొడుగ్గా అనిపించింది.

నాలుగో వారం మళ్ళీ క్లినిక్‌కి వెళ్ళాం. ఈసారి పుస్తకం నా చంకలో లేదు, దాని సంచిలో ఉంది. సిస్టర్ పేజీలు తిప్పుతుంటే నాకు కాలు నిలవలేదు. జేబులో చిన్న స్క్రూడ్రైవర్ ఎప్పుడూ ఉంటుంది. మూల ఉన్న బరువు కాటా దగ్గరికెళ్ళి బోర్లించాను. సిస్టర్ తలెత్తకుండానే, ముందు ఎంత తప్పుందో రాసుకున్నారా అని అడిగింది. చెవులు ఎర్రబడ్డాయి. నిజంగానే రాసుకోలేదు. పిడుగు పకపకా నవ్వింది.

ఆ పుస్తకం చూడ్డానికి ఏమంత బాగుండదు. మూడు రకాల కలాలు, కొట్టివేతలు, ఒక పేజీ మీద పళ్ళరసం మరక, ఇంకో చోట ఎండిన నెత్తుటి చుక్క. అంకెలు సగం పైగా ఎక్కువే. సిస్టర్ చివరిదాకా చదివి మూసింది.

"ఇంకా ఎక్కువగానే ఉన్నాయి. తగ్గడానికి నెలలు పడుతుంది. కానీ ఇప్పుడు నీ సంగతి నీకు తెలుసు," అని పిడుగుతో అంటూ కాగితం మీద సంతకం పెట్టింది. టీచరుకీ, గుడారంలో ఉండే ఇద్దరు స్నేహితురాళ్ళకీ ఏం చెయ్యాలో ముందే నేర్పాలని, సంచిలో పళ్ళరసం, బిస్కట్లు, అదనపు మీటరు ఉండాలని కింద రాసింది. పిడుగు ఆ కాగితం నాలుగుసార్లు చదువుకుంది.

బస్సు ఎక్కే రోజు పొద్దున, అది నా చొక్కా జేబు మీద ఏదో అంటించి చరచరా వెళ్ళిపోయింది. చూస్తే నా దుకాణం చీటీయే. బాగుచేసిన కాటాలకు నేను అంటించేది. 'సరిచూడబడినది', తేదీ, కింద సంతకం. సంతకం పిడుగుది. మళ్ళీ సరిచూడవలసిన తేదీ అన్నచోట 'రోజూ' అని రాసింది. ఆ చీటీతోనే మూడు రోజులూ దుకాణంలో కూర్చున్నాను. నవ్వేవాళ్ళను నవ్వనిచ్చాను.

రెండో రోజు సాయంత్రం పిల్లలందరికీ ఇంటికి ఫోన్ చేసుకోవడానికి ఐదేసి నిమిషాలిచ్చారట. మా ఆవిడ ముందు మాట్లాడి ఫోన్ నాకిచ్చింది. ఆ మాట నాలుక చివరికి వచ్చింది. మింగాను. కొండ ఎలా ఉంది అని అడిగాను. బాగుందట. ఎడమ మడమ దగ్గర బూటు కరవలేదట. మేఘం తమ కాళ్ళ కిందుగా పోయిందట. గురక పెట్టేది తను అనుకున్న పిల్ల కాదట, టీచరట. చెబుతూ చెబుతూ ఆగింది. ఐదు నిమిషాల్లో ఇంకా కొంచెం మిగిలి ఉండాలి.

"నాన్నా, అడగవేం?"

"అడగకూడదుగా."



"రెండు వందల పన్నెండు. మధ్యాహ్నం అందరితో కలిసి బిస్కట్లు తిన్నా, లెక్క తక్కువ వేసుకున్నా. ఇప్పుడు సరిచేసుకున్నా. పడుకునే ముందు మళ్ళీ చూస్తా."

అది తనంతట తను నాకు చెప్పిన మొదటి చెడ్డ అంకె. ఆ పాత పుస్తకంలోని నక్షత్రాలన్నీ కలిపినా నాకంత సంతోషం కలగలేదు. అటుపక్క అది ఊపిరి బిగబట్టి వింటోందని తెలుస్తూనే ఉంది. నేనేమంటానో అని.

"బిస్కట్లు బాగున్నాయా?" అని అడిగాను.